ఒక డాక్టర్ టైప్ 1 అంటున్నారు, ఇంకొకరు టైప్ 2 అంటున్నారు. ఇన్సులిన్ మొదలుపెట్టాలా?

ప్రశ్న: నా వయసు 34. ఖమ్మంలో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. రెండేళ్ల క్రితం వేరే సమస్య కోసం రక్తపరీక్షలు చేయిస్తే షుగర్ ఉందని తెలిసింది. అప్పుడు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 7.6. మా నాన్నగారికి 55 ఏళ్లప్పుడు షుగర్ వచ్చింది కాబట్టి నాది కూడా వంశంలో వచ్చిన టైప్ 2 అన్నారు డాక్టర్ గారు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ ఇచ్చారు. ఏడాది పాటు బాగానే ఉంది. తర్వాత పెరుగుతూ పోయి ఇప్పుడు 10.9 అయింది. రెండు నెలల క్రితం డాపాగ్లిఫ్లోజిన్ కూడా కలిపారు. నా ఎత్తు 157 సెంటీమీటర్లు. ఎనిమిది నెలల్లో 56 కిలోల నుంచి 48కి వచ్చేశాను. ఐదేళ్లుగా థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటున్నాను. హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్‌కు చూపిస్తే పరగడుపున సి-పెప్టైడ్ పరీక్ష చేయించారు. 0.8 వచ్చింది. అప్పుడు షుగర్ 240 ఉంది. ఆయన ఇది టైప్ 1లా ఉంది, ఇన్సులిన్ మొదలుపెడదాం, జీఏడీ పరీక్ష కూడా చేయించండి అన్నారు. మా ఊరి డాక్టర్ గారేమో టైప్ 1 చిన్నపిల్లలకు వచ్చేది, ఈ వయసులో రాదు, మాత్రల డోసు పెంచుదాం, అన్నం తగ్గించండి అంటున్నారు. మా అత్తగారు ఇన్సులిన్ ఒకసారి మొదలుపెడితే ఇక జీవితాంతం వదలదని భయపడుతున్నారు. నేను నెల రోజులుగా అన్నం పూర్తిగా మానేశాను. వచ్చే కార్తీకంలో సోమవారాలు ఉపవాసం ఉండాలి. ఇంటర్నెట్‌లో లాడా, ఎంఓడీవై, టైప్ 5 అని ఏవేవో చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది. నాది ఏ రకం? మా ఏడేళ్ల పాపకు కూడా వస్తుందా?

సమాధానం: అమ్మా, మీరు మాటవరసకు రాసిన విషయం దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే. మీరు డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటున్నారు, అన్నం పూర్తిగా మానేశారు, బరువు తగ్గిపోతోంది, పైగా ఉపవాసాలు ఉండబోతున్నారు. ఈ నాలుగూ ఒకే మనిషిలో కలవకూడదు. ఈ ఉత్తరం చదివిన రోజే ఇద్దరు డాక్టర్లలో మీకు ముందు దొరికినవారికి ఫోన్ చేసి, ఆ మాత్ర ఆపమంటారా అని అడగండి. నన్ను అడిగితే ఆపేయమనే చెబుతాను. మిగతా మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

కారణం చెబుతాను. శరీరంలో ఇన్సులిన్ బాగా తగ్గిపోతే కణాలు చక్కెరను వాడుకోలేవు. అప్పుడు శరీరం కొవ్వును కరిగించుకుంటుంది. దాంతో రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుంటాయి. ఇవి హద్దు దాటితే వచ్చే పరిస్థితిని కీటోఅసిడోసిస్ అంటారు. అది ప్రాణం మీదికి వస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు చక్కెరను మూత్రంలోకి తోసేస్తాయి. టైప్ 2 వారికి, ముఖ్యంగా గుండె, కిడ్నీ సమస్యలున్నవారికి ఇవి చాలా మంచి మందులు. కానీ ఇన్సులిన్ తయారీయే పడిపోతున్న మనిషిలో ఇవి కీటోన్ల ప్రమాదాన్ని పెంచుతాయి. ఇందులో ఇంకో ఇబ్బంది ఏమిటంటే, చక్కెర మూత్రంలో పోతుంది కాబట్టి గ్లూకోమీటర్‌లో 180, 200 మాత్రమే కనిపించవచ్చు. షుగర్ మరీ ఎక్కువేం లేదుగా అని ఇంట్లోవాళ్లే కాదు, ఒక్కోసారి ఆసుపత్రిలో కూడా పొరబడతారు. అన్నం మానేయడం, ఉపవాసం ఉండటం ఈ ప్రమాదాన్ని ఇంకా పెంచుతాయి. కాబట్టి వాంతులు, కడుపునొప్పి, విపరీతమైన నీరసం, ఆయాసంలా బరువుగా వచ్చే ఊపిరి, వీటిలో ఏది కనిపించినా షుగర్ ఎంత ఉందని చూసుకుంటూ ఇంట్లో కూర్చోకండి. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, ఫలానా మాత్ర వేసుకుంటున్నాను, కీటోన్లు చూడండి అని మీరే చెప్పండి. ఆ మాత్ర ఆపిన తర్వాత కూడా కొద్ది రోజులు ఈ జాగ్రత్త ఉండాలి. మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్పులు మందుల షాపులో దొరుకుతాయి. ఒక డబ్బా తెచ్చి ఇంట్లో పెట్టుకోండి.

రేపటి నుంచి మళ్లీ అన్నమో, రొట్టో, ఇడ్లీయో కొలతగా తినండి. ఈ ఏడాది కార్తీక సోమవారాలకు గుడికి వెళ్లండి, దీపం పెట్టుకోండి, ఉపవాసం మాత్రం వద్దు.

ఇక మీ అసలు ప్రశ్న. మిమ్మల్ని పరీక్షించకుండా మీది ఫలానా రకం అని నేను తేల్చలేను. అయితే మీరు రాసిన వివరాలు చూస్తే నా మనసు హైదరాబాద్ డాక్టర్ చెప్పిన వైపే మొగ్గుతోంది. పెద్దవయసులో నెమ్మదిగా మొదలయ్యే టైప్ 1 అయ్యే అవకాశం గట్టిగా కనిపిస్తోంది. మీరు చదివిన లాడా అంటే ఇదే. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ దీన్ని విడి జబ్బుగా కాకుండా టైప్ 1లో భాగంగానే చూస్తుంది.

టైప్ 1 పిల్లలకే వస్తుందన్న మాట పాతది. అది చాలామంది డాక్టర్ల నోట కూడా ఇంకా వినపడుతూనే ఉంది. బ్రిటన్‌లో లక్షల మంది జన్యు వివరాలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, 60 ఏళ్లలోపు వచ్చే టైప్ 1లో 42 శాతం 30 దాటాకే మొదలైందని తేలింది. అదే దేశంలో రాజకీయ నాయకురాలు థెరిసా మేకు 2012లో, 56 ఏళ్ల వయసులో షుగర్ బయటపడింది. మొదట టైప్ 2 అన్నారు, మాత్రలిచ్చారు. అవి పని చేయలేదు. మళ్లీ పరీక్షలు చేస్తే 2013లో టైప్ 1 అని తెలిసింది. ఆ తర్వాత 2016లో ఆమె ప్రధానమంత్రి అయ్యారు. రోజూ ఇన్సులిన్ తీసుకుంటూనే మూడేళ్లు ఆ పదవిలో పనిచేశారు. అంత పెద్ద దేశంలో, అంత పెద్ద హోదాలో ఉన్నావిడకే మొదట రకం సరిగా తేలలేదంటే, మీ విషయంలో ఇలా జరిగిందని ఆశ్చర్యపడనక్కర్లేదు.

మీ నాన్నగారి షుగర్ కూడా అందరినీ ఒకే దారిలో నడిపించినట్టుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవారు సుమారు 10.1 కోట్ల మంది. మన తెలుగిళ్లలో నాన్నకో, అమ్మకో, మేనమామకో షుగర్ లేని కుటుంబం వెతికితే ఎన్ని దొరుకుతాయి? టైప్ 1 వచ్చిన మనిషి ఇంట్లో కూడా టైప్ 2 ఉన్న పెద్దవాళ్లు ఉండటం ఇక్కడ మామూలే. కాబట్టి నాన్నకుంది అనేది మీది టైప్ 2 అనడానికి ఆధారం కాదు.

టైప్ 1 అనిపించే కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. షుగర్ బయటపడినప్పుడు మీకు 32 ఏళ్లు. బరువు 56 కిలోలు, అంటే మీ ఎత్తుకు మామూలు బరువే, బీఎంఐ (ఎత్తుకు, బరువుకు ఉన్న లెక్క) 22.7. మన భారతీయుల్లో సన్నగా ఉన్నవారికీ టైప్ 2 వస్తుంది కాబట్టి ఇది ఒక్కటే అయితే నేను పెద్దగా పట్టించుకునేవాణ్ని కాదు. కానీ రెండేళ్లలోనే మాత్రలు చేతులెత్తేశాయి. మీరు ప్రయత్నించకుండానే ఎనిమిది కిలోలు పోయాయి. డాపాగ్లిఫ్లోజిన్ వల్ల కొంత బరువు తగ్గుతుంది నిజమే, కానీ అది మొదలుపెట్టింది రెండు నెలల క్రితమే కదా. ఆ పైన థైరాయిడ్. ఆడవాళ్లలో థైరాయిడ్ మందగించడానికి చాలాసార్లు కారణం శరీర రక్షణ వ్యవస్థ తన థైరాయిడ్ గ్రంథి మీదే దాడి చేయడం. టైప్ 1లో అదే వ్యవస్థ క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద దాడి చేస్తుంది. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి రావడం డాక్టర్లు తరచూ చూసేదే.

సి-పెప్టైడ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ రిపోర్టును చూసే తీరులోనే పొరపాటు జరుగుతుంది. క్లోమం ఇన్సులిన్‌ను తయారుచేసేటప్పుడు దానితో సమానంగా సి-పెప్టైడ్ కూడా విడుదలవుతుంది. బయటి నుంచి తీసుకునే ఇన్సులిన్‌లో అది ఉండదు. అందుకే రక్తంలో సి-పెప్టైడ్ చూస్తే మీ క్లోమం సొంతంగా ఎంత తయారు చేస్తోందో తెలుస్తుంది. ల్యాబ్ రిపోర్టులో పక్కన ఉండే నార్మల్ రేంజ్‌తో పోల్చి కొంచెమే తక్కువుంది అనుకుంటే సరిపోదు. అప్పుడు మీ షుగర్ 240 ఉంది. ఆరోగ్యంగా ఉన్న క్లోమం అంత చక్కెరను చూస్తే ఇన్సులిన్‌ను బాగా వదలాలి. 240 ఉన్నా 0.8 దగ్గరే ఆగిందంటే తయారీ దెబ్బతిందనే అర్థం. అలాగని దీంతో తీర్పు కూడా చెప్పేయలేం. షుగర్ నెలల తరబడి ఎక్కువగా ఉంటే టైప్ 2లో కూడా బీటా కణాలు కొంతకాలం మొద్దుబారతాయి. షుగర్ అదుపులోకి వచ్చాక మళ్లీ కోలుకుంటాయి. డాక్టర్లు వాడే లెక్క ప్రకారం భోజనం చేసిన ఐదు గంటలలోపు తీసిన రక్తంలో మిల్లీలీటరుకు 0.6 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే టైప్ 1 వైపు, 1.8 దాటితే టైప్ 2 వైపు చూస్తారు. మధ్యలో వస్తే ఆ ఒక్క పరీక్షతో తేలదు. మీరు ఆ మధ్యలో, కింది అంచు దగ్గర ఉన్నారు. పైగా మీది పరగడుపున తీసినది. కాబట్టి షుగర్ కుదురుకున్నాక, టిఫిన్ తిన్న తర్వాత, షుగర్‌తో కలిపి సి-పెప్టైడ్ మళ్లీ చేయించండి.

ఇప్పుడు ఆలస్యం చేయకూడని పరీక్ష జీఏడీ యాంటీబాడీ. రక్షణ వ్యవస్థ బీటా కణాల మీద దాడి చేస్తోందా అని చూసే రక్తపరీక్ష ఇది. హైదరాబాద్ డాక్టర్ సరిగ్గా అదే రాశారు. ఇది కొంచెం ఖరీదైనదే, ధర ల్యాబ్‌ను బట్టి మారుతుంది, కానీ మీ విషయంలో ఆ డబ్బు వృథా కాదు. పరగడుపున ఉండాల్సిన పని లేదు. ఇన్సులిన్ మొదలుపెట్టినా దీని ఫలితం మారదు. ఫలితం గట్టిగా పాజిటివ్ వస్తే, ఇన్ని లక్షణాలతో కలిపి చూసినప్పుడు మీది టైప్ 1 అని దాదాపు తేలినట్టే. నెగెటివ్ వస్తే మాత్రం టైప్ 2 అని ఊపిరి పీల్చుకోకండి. ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8 అనే ఇంకో రెండు యాంటీబాడీలు చూడాలి. అవన్నీ నెగెటివ్ వచ్చినా టైప్ 1 ఉన్నవారు నూటికి 5 నుంచి 10 మంది ఉంటారు. మన దేశంలో జరిగిన పలు అధ్యయనాల్లో పాశ్చాత్యుల కంటే మనవాళ్లలో ఈ యాంటీబాడీలు తక్కువ మందిలోనే కనిపించాయి. అప్పుడు కాలమే చెప్పాలి, సి-పెప్టైడ్‌ను మళ్లీ మళ్లీ చూస్తూ.

మీరు చదివిన మిగతా పేర్ల గురించి ఎక్కువ ఆలోచించకండి. ఎంఓడీవై ఒకే జన్యువులో మార్పు వల్ల వస్తుంది. సాధారణంగా 25 ఏళ్లలోపే బయటపడుతుంది, తరం తర్వాత తరం చిన్నవయసులోనే కనిపిస్తుంది. మీ నాన్నగారికి 55లో వచ్చింది కాబట్టి ఆ కథ మీకు సరిపోదు. టైప్ 5 అనే పేరును అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ సదస్సులో గుర్తించింది. చిన్నప్పటి నుంచి సరైన తిండి లేక, బాగా బక్కచిక్కిన యువతలో కనిపించే షుగర్ అది. మీరు ఇప్పుడు సన్నబడ్డారు కానీ మొదట్లో మామూలు బరువే. అందుకే అదీ కాదనుకుంటాను. ఒక్కటి మాత్రం దక్షిణ భారతీయులం కాబట్టి అడుగుతాను. మీకు ఎప్పుడైనా తిన్న తర్వాత పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే నొప్పి వచ్చేదా? విరేచనం జిడ్డుగా, నీళ్లు పోసినా తేలుతూ ఉండేదా? క్లోమంలో రాళ్లు ఏర్పడి వచ్చే షుగర్ కేరళలో, తమిళనాడులో, మన దగ్గరా ఉంది. అందులోనూ సన్నగా ఉంటారు, ఇన్సులిన్ తగ్గుతుంది, యాంటీబాడీలు సాధారణంగా ఉండవు. ఎక్స్‌రేలోనో, అల్ట్రాసౌండ్‌లోనో రాళ్లు కనిపిస్తాయి. ఇప్పటివరకు పొట్ట స్కాన్ చేయించకపోతే ఒకసారి చేయించండి.

ఇప్పుడు ఇన్సులిన్. మీ అత్తగారి భయం నాకు అర్థమవుతుంది. ఇన్సులిన్ మొదలుపెట్టిన పెద్దవాళ్లు కొన్నాళ్లకు కిడ్నీలో, కాళ్లో పోగొట్టుకోవడం ఆవిడ చూసి ఉంటారు. వాళ్లకు ఆ నష్టం చేసింది ఇన్సులిన్ కాదు, దాన్ని పదేళ్లు ఆలస్యం చేసి అదుపు తప్పనిచ్చిన షుగర్. ఈ మాట ఆవిడకు మీరు చెప్పడం కంటే మీవారు చెబితే మంచిది. వీలైతే వచ్చేసారి డాక్టర్ దగ్గరికి ఆవిడను కూడా తీసుకెళ్లండి.

ఇద్దరు డాక్టర్లు ఒక మాట మీదికి వచ్చేదాకా ఆగుదామని మీరు అనుకుంటున్నట్టున్నారు. ఆగకండి. రకం ఏదైనా మీకు ఇప్పుడు ఇన్సులిన్ కావాలి. హెచ్‌బీఏ1సీ 10 దాటి, బరువు ఇలా పడిపోతుంటే టైప్ 2 అయినా సరే ఇన్సులిన్ ఇవ్వాల్సిందే. తర్వాత నిజంగా టైప్ 2 అని తేలితే, షుగర్ అదుపులోకి వచ్చి క్లోమం కోలుకున్నాక ఇన్సులిన్ తగ్గించవచ్చు, చాలామందికి ఆపేస్తారు కూడా. అలవాటు పడిపోవడం అనేదేమీ లేదు. టైప్ 1 అయితే జీవితాంతం కావాలి, నిజమే. కానీ అది ఇన్సులిన్ పెట్టిన షరతు కాదు, శరీరం తయారు చేయలేని దాన్ని బయటి నుంచి ఇవ్వడం. టైప్ 1 అనుమానం ఉన్నప్పుడు గ్లిమిపిరైడ్ లాంటి మాత్రల డోసు పెంచుతూ పోవడం మంచిది కాదనేది నిపుణుల మాట, నా మాటా అదే. ఉన్న కాస్త బీటా కణాలను ఎంత ఎక్కువ కాలం కాపాడుకుంటే మీకు షుగర్ ఎగుడుదిగుళ్లు అంత తక్కువగా ఉంటాయి. అందుకే తొందర.

మొదలుపెట్టే ముందు డాక్టర్ దగ్గరో, నర్సు దగ్గరో కూర్చుని సూది వేసుకోవడం చేత్తో చేసి నేర్చుకోండి. సీసాలో వచ్చే ఇన్సులిన్ తీసుకుంటే సిరంజి సంగతి జాగ్రత్త. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి రెండు రకాల సీసాలు ఉన్నాయి. 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల సీసాకు నారింజ మూత సిరంజి. అటూ ఇటూ అయితే డోసు రెండున్నర రెట్లు మారిపోతుంది. పెన్ను వాడితే ఈ గొడవ లేదు. షుగర్ 70 కంటే తగ్గితే, అంటే వణుకు, చెమటలు, కళ్లు తిరగడం లాంటివి ఉంటే, మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోండి. స్కూల్లో మీ పక్క క్లాసు టీచర్‌కు ఈ విషయం చెప్పి ఉంచండి. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు.

మీ ఊరి డాక్టర్ గారి మీద కోపం పెట్టుకోవద్దు. రెండేళ్ల క్రితం 7.6 ఉన్న, ఇంట్లో షుగర్ ఉన్న మనిషికి టైప్ 2 అనుకోవడంలో తప్పేమీ లేదు. మాత్రలు ఏడాది పనిచేశాయి కూడా. కానీ మాత్రలు పనిచేయడం మానేసి, బరువు పడిపోతున్నప్పుడు ఆ పేరును మళ్లీ ప్రశ్నించాలి. ఆ పని ఇప్పుడు జరగాలి. ఇద్దరి మధ్య తిరగడం కంటే ఒక ఎండోక్రైనాలజిస్ట్‌ను (షుగర్, హార్మోన్ల నిపుణుణ్ని) నమ్ముకుని ఆయన దగ్గరే కొనసాగండి. ఖర్చు ఇబ్బంది అయితే హైదరాబాద్‌లో నిమ్స్‌లో, ఉస్మానియాలో ఆ విభాగం ఉంది. మొదటి రోజు నుంచి ఉన్న రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టుకుని, ఎప్పుడెప్పుడు ఎంత బరువున్నారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. మీ విషయంలో ఆ బరువుల కాగితమే డాక్టర్‌కు చాలా చెబుతుంది.

చివరగా మీ పాప. తల్లికి టైప్ 1 ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం నూటికి 1 నుంచి 4 వరకే. నిజానికి కుటుంబంలో ఎక్కువగా పాకేది టైప్ 2నే. అందువల్ల పాపకు ఇప్పుడు సూదులు గుచ్చి పరీక్షలు చేయించాల్సిన పని లేదు. మాటిమాటికీ దాహం అంటున్నా, మూత్రానికి ఎక్కువగా వెళ్తున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, బరువు తగ్గుతున్నా అదే రోజు మీ గ్లూకోమీటర్‌తో ఒకసారి చూడండి. 200 దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇవేవీ లేకపోతే పాపను మామూలుగా ఆడుకోనివ్వండి. మీ జీఏడీ ఫలితం వచ్చాక తప్పకుండా రాయండి, నేను ఎదురుచూస్తాను.